జూన్ 15 నుంచి మా షాపులో బోటు బ్యాటరీ కొన్నవాళ్లకు

కాకినాడ హార్బర్ బోటు యజమానులకు, సరంగులకు నమస్కారమండి. మా వల్ల జరిగిన ఒక తప్పు గురించి రాస్తున్నాను.

జూన్ 14తో చేపల వేట నిషేధం అయిపోగానే బోట్లన్నీ ఒక్కసారిగా బయల్దేరతాయి. 61 రోజులు కట్టేసి ఉన్నవి కాబట్టి చాలావాటిలో బ్యాటరీలు పడిపోయి ఉంటాయి. ఆ హడావిడిలో ఒకాయనకి మీ బ్యాటరీ పోయిందని చెప్పి, 12 వోల్టుల 100 ఏహెచ్‌ది (అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) కొత్తది అమ్మాను. ఎందుకు పోయిందో మాత్రం చూడలేదు.

ఆయన మొన్న మళ్లీ వచ్చారు. ఇంజను పని ఉండి ఎనిమిది రోజులు బోటు కట్టేశారట. సెల్ఫ్ కొడితే టిక్కుమంటోంది, ఇంజను తిరగట్లేదు. మీటరు పెడితే 11.9 వోల్టులు. నిండా చార్జింగు ఉంటే 12.6కి తగ్గకూడదు. ‘‘మెయిన్ స్విచ్ ఆపే ఉంచామండీ’’ అన్నారాయన. నిజమే, ఆపే ఉంది.

మైనస్ కేబుల్ ఊడదీసి, మధ్యలో మల్టీమీటరు 10 ఆంపియర్ల మీద పెట్టాను. అన్నీ ఆపి ఉన్నా 0.35 ఆంపియర్లు లాగుతోంది. అంటే రోజుకి 8 ఏహెచ్ పైమాటే, ఎనిమిది రోజులకి బ్యాటరీలో మూడింట రెండొంతులు. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ వచ్చాను. లైట్లు, వైర్‌లెస్, జీపీఎస్... అంకె కదల్లేదు. అడుగున నీళ్లు తోడే పంపు ఫ్యూజు తీయగానే 0.01కి పడిపోయింది.

పంపేమో తిరగట్లేదు. దాని లైను మెయిన్ స్విచ్చుకి సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ నుంచే వెళ్తుంది. మనిషి లేనప్పుడు నీళ్లు చేరితే ఫ్లోటు (నీటిమీద తేలే స్విచ్చు) లేచి పంపు దానంతటదే తిరగాలి కాబట్టి అలాగే ఉండాలి కూడా. వైరు పైకి లాగి చూస్తే, ప్లస్, మైనస్ రెండు జాయింట్లూ కలిపి ఒకే టేపు చుట్టి ఉన్నాయి. టేపు జిగురు కారిపోయింది. విప్పితే లోపల పచ్చటి చిలుము. వేలితో నలిపితే రాగి తీగలు నల్లగా పొడైపోయాయి. ఉప్పునీరు పట్టి, కరెంటు ఆ రెండు జాయింట్ల మధ్యే కారిపోతోంది.

రెండేళ్ల కిందట ఆ జాయింటు వేసింది మా షాపే.

కళాయి పూసిన రాగి వైరు వేసి, రెండు జాయింట్లనీ విడివిడిగా లోపల జిగురుండే హీట్ ష్రింక్ ట్యూబుతో (వేడి చేస్తే ముడుచుకుని బిగిసేది) మూసి, నీళ్లందనంత ఎత్తులో కట్టాను. ఇప్పుడు 0.01 దాటట్లేదు. ఆయన పాత బ్యాటరీ నిజంగా పోయిందో, చార్జింగు పెడితే కోలుకునేదో ఇప్పుడు చెప్పలేను. దాన్ని తుక్కు కింద తీసేసుకున్నాను. అందుకే కొత్త బ్యాటరీ డబ్బులు మొత్తం వెనక్కిచ్చేశాను.

జూన్ 15 నుంచి మా దగ్గర బ్యాటరీ కొన్న ప్రతి బోటుకీ, ఎప్పుడైనా మేం పంపు వైరింగు చేసిన బోట్లకీ ఈ పరీక్ష డబ్బు తీసుకోకుండా చేస్తాను. జాయింటు చెడితే మార్చేది కూడా మా ఖర్చే. ఇకమీదట ఈ పరీక్ష చేయకుండా బ్యాటరీ అమ్మను.

ఈలోగా బ్యాటరీ దిగిపోతోందని పంపు ఫ్యూజు మాత్రం తీసేయకండి, బోటు మునుగుతుంది. సొంతంగా మీటరు పెట్టి చూసేవాళ్లు, అది మధ్యలో ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటరు కాలిపోతుంది. బోటు జెట్టీలో ఉన్న రోజు ఒక్క ఫోను చేస్తే నేనే వస్తాను.