పడవ గుమ్మానికి అడ్డంగా

జోజీ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఏమీ అనుకోకు. ఈ పది రోజులూ నా మనసంతా ఒక మనిషి మీదే ఉంది. బిషప్ లూయిజీ వెర్సీలియా. పేరు విన్నావో లేదో. డాన్ బోస్కో అనే ఇటలీ ఫాదర్ స్థాపించిన సాలేషియన్ కథోలిక సభ వాళ్లలో మొదటి వేదసాక్షుల్లో, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వాళ్లలో, ఒకరు. అదే, మన విజయవాడలో నవజీవన్ బాలభవన్ నడిపే సభ.

ఇటలీలో ఒలీవా జెస్సీ అనే పల్లెలో 1873లో పుట్టారు. చిన్నప్పుడు గుర్రాలంటే పిచ్చి, పశువుల డాక్టర్ అవుదామనుకున్నారట! పన్నెండో ఏట టురిన్‌లో డాన్ బోస్కో దగ్గర చదువుకు చేరారు. అంతే, గురువు, అంటే చర్చి ఫాదర్, కావాలని మనసు తిరిగిపోయింది. 1906లో మకావు చేరి అనాథ పిల్లల బడి చూసుకున్నారు. 1918లో చైనా లోపల షావోగ్వాన్ మిషన్‌కి వెళ్లారు. ఆ ఏడే సభ పెద్దలు ఆయనకొక పూజపాత్ర, అంటే పూజలో ద్రాక్షరసం పోసే గిన్నె, పంపారు. చైనాలో ఒక పాత్ర రక్తంతో నిండుతుందని డాన్ బోస్కో కల కన్నారని సభలో చెప్పుకునేవాళ్లు. పాత్ర చేతికి రాగానే దాన్ని నింపాల్సింది తానేనన్నారట ఈయన. అది చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను రా.

1921లో బిషప్ అయ్యారు. 1930 ఫిబ్రవరి 25న లియాన్‌జౌ మిషన్‌కి పడవలో బయలుదేరారు. వెంట ఫాదర్ కల్లిస్తో కరవారియో, 26 ఏళ్లు. తొమ్మిది నెలల కిందటే ఈ బిషప్ చేతుల మీదుగా గురుపట్టం తీసుకున్నాడు. ఇద్దరు కుర్ర టీచర్లు, ముగ్గురు అమ్మాయిలు కూడా ఉన్నారు. మధ్యాహ్నం ఒడ్డు మీద తుపాకులతో దొంగలు పడవ ఆపి 500 డాలర్లు అడిగారు. అమ్మాయిల్ని చూశాక డబ్బు మాట వదిలేసి వాళ్లని లాక్కెళ్లబోయారు.

బిషప్, ఫాదర్ ఇద్దరూ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. కర్రలతో, తుపాకీ మడమలతో కొట్టినా కిందపడేదాకా జరగలేదు. తర్వాత ఇద్దరినీ కట్టేసి వెదురు పొదల్లోకి తీసుకుపోయారు. నేను ముసలివాణ్ణి, నన్ను చంపండి, ఇతను కుర్రాడు, వదిలెయ్యండని బిషప్ బతిమాలారు. వినలేదు. ఒకరి దగ్గరొకరు పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాక కాల్చేశారు.

వేదసాక్షి అంటే విశ్వాసం వదలమన్నా వదలని వాడని మనకు నేర్పారు కదా. ఈయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ముగ్గురు ఆడపిల్లలకి అడ్డుగా నిలబడటమే ఆయన జవాబు. నాకు ఇద్దరు కూతుళ్లు, ఇంతకంటే ఏం రాయను?

ఆ అమ్మాయిల్ని కొద్దిరోజులకే సైనికులు విడిపించారు. అక్కడేం జరిగిందో లోకానికి చెప్పింది వాళ్లే. 2000 అక్టోబర్ 1న వీళ్లిద్దరినీ మిగతా చైనా వేదసాక్షులతో కలిపి పునీతులుగా, అంటే సెయింట్లుగా, ప్రకటించారు.

ఫిబ్రవరి 25న వాళ్ల స్మరణ. ఆ రోజు పూజకి నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ మా ఊరు రండి. పూజయ్యాక మా ఇంట్లోనే భోజనం.

నీ
రాజు