వేలం జాబితాలో ఆర్సీ సంగతి కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

వాయిదాలు ఆగిపోయి ఫైనాన్సు కంపెనీలు స్వాధీనం చేసుకున్న ట్రాక్టర్లు, జేసీబీలు, టిప్పర్లు ఇప్పుడు ఆన్‌లైన్ వేలానికి వస్తున్నాయి. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగువాళ్లు విశాఖ, విజయనగరం యార్డుల్లో ఉన్న బళ్లకు ఇంట్లో కూర్చునే పాట పాడుతున్నారు. డబ్బు కట్టాక బండి లోబెడ్ (తక్కువ ఎత్తు ట్రెయిలరు లారీ) మీద ఊరికి చేరుతోంది. ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) మీద పేరు మాత్రం మారడం లేదు. వేలం జాబితాలో ఇంజిను ఎన్ని గంటలు తిరిగిందో, టైర్లు ఎంత అరిగాయో ఉంటుంది. పేరు ఏ దారిన మారుతుందో ఒక్క ముక్క ఉండదు. ఆ ముక్క రాయించాలన్నదే ఈ ఉత్తరం.

స్వాధీనం చేసుకున్న బండిని కొన్నవారి పేరుకు మార్చడానికి రెండు దారులున్నాయి. ఆర్సీలో ఉన్న పాత యజమాని పేరు మార్పు ఫారాలైన 29, 30 మీద సంతకం చేసి, ఫైనాన్సు కంపెనీ ఫారం 35 ఇచ్చి ఆర్సీ మీద తన అప్పు కొట్టేయించడం మొదటిది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51(5) కింద కంపెనీయే ఫారం 36 పెట్టి, ముందు తన పేరున కొత్త ఆర్సీ తెచ్చుకుని, ఆ తర్వాత అమ్మకందారుగా తానే 29, 30 మీద సంతకం చేయడం రెండోది. ఇందులో ఆర్టీవో పాత యజమానికి ఫారం 37లో రిజిస్టర్డ్ పోస్టున నోటీసు పంపి, చెప్పుకునే అవకాశం ఇచ్చాకే పాత ఆర్సీ రద్దు చేస్తారు. ఆలస్యమవుతుంది, కానీ నిలబడే దారి ఇదే.

యార్డులో చేతికొచ్చేవి తరచూ మొదటి దారి కాగితాలే. అప్పు ఇచ్చిన రోజునే సంతకం పెట్టించుకుని దాచిన ఖాళీ ఫారాలవి. వాటితో ఆర్టీవో ఆఫీసుకు వెళ్తే పని ఎందుకు ఆగుతుందంటే, రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో పేరు మార్పిడికి పాత యజమాని ఫోనుకు ఓటీపీ పోతుంది. బండి పోగొట్టుకుని కడుపు మండిన మనిషి ఆ ఓటీపీ చెప్పడు, చెప్పమని అడిగే హక్కూ కొన్నవారికి లేదు. సంతకం ఏళ్ల కిందటిది కాబట్టి ఇప్పటి సంతకంతో కలవకపోవచ్చు. ఆయన చనిపోయి ఉంటే ఆ ఫారాలకు విలువే లేదు; వారసులు ఫారం 31తో రావాలి, లేదా కంపెనీ ఫారం 36కే పోవాలి.

అందుకే పాటకు ముందే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి: ఈ లాటుకు, అంటే వేలానికి పెట్టిన ఈ బండికి, ఫారం 36 ఆర్సీ మీ పేరున వచ్చిందా, దరఖాస్తు మాత్రమే పెట్టారా, అసలు పెట్టలేదా? వచ్చిందంటే రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి. యజమాని పేరులో కొన్ని అక్షరాలు కప్పి ఉన్నా అది కంపెనీ పేరో మనిషి పేరో తెలిసిపోతుంది. ఫిట్‌నెస్, బీమా గడువులు, బ్లాక్‌లిస్టు గుర్తు కూడా అక్కడే కనిపిస్తాయి. సమాధానం రాని లాటుకు పాట పాడకపోవడమే మంచిది. ధర ఎంత తగ్గినా ఈ లోటు పూడదు.

సరిహద్దు జిల్లాల వాళ్లకు రెండో మెట్టు ఎన్‌వోసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి పాత ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం. ఆంధ్ర నంబరు బండిని ఒడిశాలో 12 నెలలకు మించి ఉంచితే సెక్షన్ 47 ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. ఇక కొన్న బండికి పేరు మార్పు దరఖాస్తు 30 రోజుల్లోనే పెట్టాలి. రెంటికీ ముందు పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ రావాలి. దానికి దరఖాస్తు పెట్టాల్సింది ఆర్సీలో పేరున్నవారు, అంటే ఫారం 36 తర్వాత ఫైనాన్సు కంపెనీ. వరుస ఇదీ: కంపెనీ పేరున ఆర్సీ, కంపెనీ దరఖాస్తుపై ఎన్‌వోసీ, ఆ తర్వాత ఇక్కడ కొత్త నంబరు కోరే ఫారం 27, దానితో 29, 30 కలిపి దాఖలు. వరుస తప్పితే కౌంటరు దగ్గరే తిప్పి పంపుతారు.

ఎన్‌వోసీ ఏ ఆఫీసు పేరున రాయించాలో కూడా చూసుకోవాలి. గుణుపురం పర్లాకిమిడికి దగ్గరే అయినా రాయగడ జిల్లా, కాబట్టి బండి నంబరు మొదట వచ్చే కోడ్ ఓడీ 18. పర్లాకిమిడి గజపతి జిల్లా, ఓడీ 20. జయపురం కోరాపుట్ కిందికి వస్తుంది, ఓడీ 10. కొన్నవారి ఆధార్ చిరునామా ఒక జిల్లాలో, ఎన్‌వోసీ మరో జిల్లా పేరున ఉంటే మళ్లీ విశాఖ దాకా పోవాల్సిందే. దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఆర్టీవో కాదనకపోతే ఎన్‌వోసీ ఇచ్చినట్టే లెక్క అని సెక్షన్ 48 చెబుతుంది. అయితే కంప్యూటరులో ఎన్‌వోసీ నంబరు పడందే ఇవతలి ఆఫీసులో ఫైలు కదలదు. దరఖాస్తు రసీదు పారేయకండి, ఆ గడువును గుర్తు చేయడానికి అదొక్కటే ఆధారం.

ఎన్‌వోసీ ఆగేది ఎక్కువగా బకాయిల దగ్గర. బండి యార్డులో కదలకుండా పడి ఉన్నా, వాడటం లేదని ముందుగా ఆర్టీవోకు రాసివ్వకపోతే పన్ను నడుస్తూనే ఉంటుంది. పాత యజమాని చలాన్లు కూడా బండి మీదే ఉంటాయి. బకాయి ఎవరు కట్టాలో వేలం షరతుల్లో ఉంటుంది, చాలాసార్లు అది కొన్నవారి నెత్తినే. పాట ధరకు పన్ను, చలాన్లు, ఫిట్‌నెస్, బీమా, లోబెడ్ అద్దె, యార్డు అద్దె కలుపుకుని చూస్తేనే అసలు ధర తెలుస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. యార్డులో ఉన్నన్నాళ్లూ ఎవరూ చేయించరు.

బండి చట్రం మీద గుద్దిన చాసిస్ నంబరు విషయంలో ఫొటోను నమ్మొద్దు. ఎన్‌వోసీ ఫారం మీద పెన్సిల్ అచ్చు అతికించాలి. పల్చటి తెల్ల కాగితం నంబరు మీద పరిచి, మెత్తటి పెన్సిల్ అడ్డంగా రుద్దితే గుద్దిన అక్షరాలు తేలతాయి. ముందుగా తుప్పు, గ్రీజు డీజిల్ గుడ్డతో తుడిచి, తడి ఆరనివ్వాలి. మూడు నాలుగు అచ్చులు తీసి ఉంచుకుంటే మళ్లీ బండి దగ్గరికి పరుగెత్తే పని ఉండదు. 17 అక్షరాల చాసిస్ నంబరులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఆర్సీలో అవి కనిపిస్తే ఒకటిని ఐ అనో, సున్నాను ఓ అనో ఎక్కించారన్నమాట. ఆ దిద్దుబాటు పాత ఆఫీసులోనే జరగాలి, ఎన్‌వోసీ వచ్చాక మొదలుపెడితే రెండు ఆఫీసుల మధ్య నలిగిపోతారు. ఇంజిను మార్చిన బండి అయితే ఆ మార్పు ఆర్సీలో ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే డెలివరీకి ముందే కంపెనీ చేత ఎక్కించాలి.

ట్రాక్టరు, ట్రాలీ ఒకే లాటుగా పెడతారు. వాటికి వేర్వేరు ఆర్సీలుంటాయి. ట్రాలీ ఆర్సీ అడగకపోతే చేతికొచ్చేది నంబరు లేని ఇనుము. రోటవేటరు, నూర్పిడి యంత్రం, జనరేటరు లాంటివాటికి ఆర్సీ ఉండదు కాబట్టి మొదటి కొనుగోలు బిల్లు నకలు, వేలం బిల్లు, వాటి మీద సీరియల్ నంబరు ఉంటే చాలు. ఇనుప చైన్ల మీద నడిచే పొక్లెయిన్ కూడా రిజిస్ట్రేషన్ నిబంధనల్లోని నిర్మాణ యంత్ర వాహనాల నిర్వచనంలో లేదు. దానికి బిల్లుల గొలుసే ఆస్తి పత్రం. మధ్యలో ఒక్క అమ్మకం బిల్లు లేకపోయినా రేపు బ్యాంకు దాని మీద అప్పు ఇవ్వదు.

ప్రభుత్వ శాఖలు వేసే వేలం దారి వేరు. అక్కడ ఫారం 32తో పాటు వేలం నిర్వహించిన అధికారి సంతకం చేసిన అమ్మకం ధ్రువీకరణ, వేలానికి అనుమతించిన ప్రభుత్వ ఉత్తర్వు ధ్రువీకరించిన నకలు 30 రోజుల్లో పెట్టాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పొడిగించరు, అవి నమోదైన తుక్కు కేంద్రాలకే పోవాలి. అలాంటి జీపునో టిప్పరునో కొని రోడ్డు మీద తిప్పుతామనుకుంటే కుదరదు. డీలరు దగ్గర మిగిలిపోయి ఎప్పుడూ రిజిస్టరు కాని బీఎస్ 4 (పాత కాలుష్య ప్రమాణం) టిప్పర్లు, లారీలు కూడా అంతే. 2020 ఏప్రిల్ 1 తర్వాత వాటికి రిజిస్ట్రేషన్ లేదని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

జీఎస్టీ బిల్లు దగ్గర ఒక తప్పు పదేపదే జరుగుతోంది. యార్డు ఆంధ్రలో, కొన్నవారి జీఎస్టీ నంబరు 21తో మొదలయ్యే ఒడిశా నంబరు అయితే బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే పన్ను) ఉండాలి. సీజీఎస్టీ, ఆంధ్ర ఎస్జీఎస్టీ వేస్తే కట్టిన ఆ పన్ను క్రెడిట్ ఇక్కడ దక్కదు. పాట పాడిన పేరు, డబ్బు పోయిన ఖాతా పేరు, బిల్లు పేరు, ఆర్సీ కోరే పేరు ఒకటే ఉండాలి. తమ్ముడి ఐడీతో పాడి అన్న పేరున ఆర్సీ అడిగితే మరో అమ్మకం చూపించాల్సి వస్తుంది. సరిహద్దు దాటడానికి సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు తప్పనిసరి. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు; లోబెడ్ మీది బండిని ఓవర్ డైమెన్షన్ (మామూలు కొలతలు మించిన) సరుకుగా నమోదు చేస్తే 20 కిలోమీటర్లకు ఒక రోజు.

డెలివరీ రోజున యార్డు గేటు దాటకముందే తీసుకోవాల్సినవి: అసలు ఆర్సీ, రెండేసి ప్రతుల్లో ఫారం 29, 30, 35, కంపెనీ అప్పు తీరినట్టిచ్చే లేఖ, అమ్మకం ధ్రువీకరణ, పన్ను బిల్లు, విడుదల ఉత్తర్వు, స్వాధీనానికి ముందూ తర్వాతా పోలీసు స్టేషనుకు ఇచ్చిన సమాచారం నకళ్లు, స్వాధీనం నాటి వస్తువుల జాబితా. పోలీసు సమాచారం నకలు చిన్న కాగితంలా కనిపిస్తుంది. పాత యజమాని బండి పోయిందని ఫిర్యాదు పెట్టి ఉంటే దారిలో కొన్నవారిని కాపాడేది అదే.

ముందే అడగడం మీద ఇంత పట్టు ఎందుకంటే, తర్వాత ఫిర్యాదుకు బలం తక్కువ. ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే అన్న షరతుకు ఒప్పుకునే అందరూ పాట పాడతారు. బహిరంగ వేలంలో స్థలం తీసుకున్నవారు వినియోగదారుల చట్టం కింద వినియోగదారులు కారని 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. యంత్రాల విషయంలోనూ దాన్నే ఎదుట పెడతారు. ఇక పేరు మారకపోతే నష్టం పాత యజమానికీ ఉంది. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి పోయి, అప్పు మిగిలి, పైన కోర్టు నోటీసు కూడా ఆయనకే రావడం అన్యాయం.

కాబట్టి ఫైనాన్సు కంపెనీలు, వేలం నిర్వాహకులు ప్రతి లాటు కింద నాలుగు సంగతులు రాయాలి: ఆర్సీ ఇప్పుడు ఎవరి పేరున ఉంది, ఫారం 36 ఏ దశలో ఉంది, పన్ను, చలాన్ల బకాయి ఎంత, వేరే రాష్ట్రానికి ఎన్‌వోసీ ఎవరు ఎన్ని రోజుల్లో తెచ్చిస్తారు. ఈ సమాచారం కంపెనీ ఫైలులో ఉండేదే. రవాణా శాఖలు కూడా ఫారం 36 లేని స్వాధీన వాహనాన్ని వేలానికి పెట్టకుండా నిబంధన తేవాలి. ఒడిశా, ఆంధ్ర అధికారులు ఈ విషయం కలిసి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇప్పటికే బండి తెచ్చుకుని ఇరుక్కున్నవారు ముందు రోడ్డు పని ఆపించి, అమ్మకం ధ్రువీకరణ చూపించి థర్డ్ పార్టీ బీమా చేయించుకోండి. పాత పాలసీ ఇంకా నడుస్తుంటే పేరు మార్పుకు 14 రోజుల్లో బీమా కంపెనీకి రాయాలి. ఫారం 36 పెట్టమని ఫైనాన్సు కంపెనీ శాఖకూ, ప్రధాన కార్యాలయానికీ రిజిస్టర్డ్ పోస్టున లేఖ పంపండి. అందులో లాటు నంబరు, చాసిస్ నంబరు, డబ్బు కట్టిన తేదీ, బ్యాంకు ఇచ్చే యూటీఆర్ (చెల్లింపు గుర్తింపు) నంబరు ఉండాలి. ఆ లేఖ నకలును రిజిస్ట్రేషన్ ఉన్న ఆర్టీవోకు కూడా పంపితే, పాత యజమాని డూప్లికేట్ ఆర్సీకి వచ్చినప్పుడు వాళ్లు ఫైలు చూసే వీలుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాయగడ, ఒడిశా