పెట్టుబడి ఒప్పందాలపై కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి నమస్కారాలు.

విడిగా అడిగిన చోట సమాధానం దొరకలేదు కాబట్టి నలుగురి ముందు అడుగుతున్నాను.

విశాఖ ఏజెన్సీ బాక్సైట్ కోసం 2007లో రాష్ట్ర ప్రభుత్వం యూఏఈలోని ఒక ఎమిరేట్ అయిన రస్ అల్ ఖైమాతో ఒప్పందం చేసుకుంది. గిరిజనులు ససేమిరా అన్నారు. ఆ కొండల ఊటల మీదే వాళ్ల తాగునీరు, సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు ఆధారపడి ఉన్నాయి. తవ్వకం ఆగింది. 2016లో రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ, యూఏఈతో అప్పట్లో మనకున్న పెట్టుబడి ఒప్పందం కింద భారత్‌పై అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టుల బయట మధ్యవర్తుల విచారణకు వెళ్లింది. ఏజెన్సీ భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పే ఉంది. అయినా ఈ వివాదం ముగ్గురు ఆర్బిట్రేటర్ల ముందుకు పోయింది. అక్కడ గిరిజనులు కక్షిదారులే కారు. పరిహారం పడితే కట్టేది మాత్రం ప్రజల డబ్బే.

విదేశీ పెట్టుబడిదారు ఆర్బిట్రేషన్‌కు వెళ్లే ముందు మన కోర్టుల్లో ఐదేళ్లు ప్రయత్నించాలని, ఇతర దేశాలతో పెట్టుబడి ఒప్పందాల కోసం తయారుచేసుకున్న 2015 నమూనా ఒప్పందంలో రాసుకున్నాం. 2024లో యూఏఈకి దాన్ని మూడేళ్లకు తగ్గించాం. ఆ నమూనాను పెట్టుబడిదారులకు మరింత అనుకూలంగా మారుస్తామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. మన కోర్టుల్లో జాప్యం నిజమే. 2011లో ఆస్ట్రేలియా కంపెనీ వైట్ ఇండస్ట్రీస్ వేసిన ఆర్బిట్రేషన్ కేసులో భారత్ ఓడింది అందుకే. దానికి మందు జడ్జీల ఖాళీలు నింపడం. కోర్టునే దాటేయడం కాదు.

కొత్త నమూనా ముసాయిదాను సంతకాలకు ముందే తెలుగుతో సహా భారతీయ భాషల్లో బయటపెట్టండి. పార్లమెంటులో చర్చ జరపండి. దేశంపై వచ్చిన ప్రతి నోటీసునూ, తీర్పునూ ప్రచురించండి. ఐదేళ్ల నిబంధనను ఇంకెవరికీ సడలించకండి. జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వాలని మనవి.

భవదీయుడు,
విశాఖపట్నం ఓటరు