అవ్వను చంపడం గురించి పొంగలికి ఉత్తరం

తిరుపతి,
ఆగస్టు నెల, ఆదివారం,
తెల్లవారుజాము నాలుగు గంటలు

ప్రియమైన పొంగలీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయనందుకు నీవు నన్ను ఏమేమని తిట్టుకొని ఉంటావో నాకు తెలుసు. ఆ మాటలన్నీ తిరుపతి గంగజాతరలో, వేషం కట్టి బూతులు తిట్టే బండ వేషం నాడు మనమిద్దరం కలిసి నేర్చుకున్నవే కనుక, వాటిని మళ్లీ కాగితం మీద పెట్టి పంపే శ్రమ తీసుకోవద్దు. క్షమించు.

ఇంట్లో అందరమూ కుశలమే. మా ఆవిడకు ఈ నెలంతా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలే. పాప మూడో తరగతికి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా చీలినప్పుడు నేను తిరుపతిలోనూ నా కుర్చీ చిత్తూరులోనూ మిగిలిపోయాము కదా, ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉన్నది, నేను ఇంకా రోజూ బస్సులోనే ఉన్నాను. వార్తలు ఇంతే. మొన్న గురువారం జరిగిన సంగతి నీకు చెప్పేవరకు నాకు అన్నం సహించేటట్లు లేదు, కాబట్టి తక్కినవి మరొకసారి.

నా నవలలోని అవ్వ నీకు గుర్తుండే ఉంటుంది. తాతయ్యగుంట వీధిలో ఇల్లు, ఊరు విడిచిపోయిన కొడుకు, కొంగున ముడివేసుకున్న చిల్లర. ఆమె జాతర ముగిసే తెల్లవారుజామున, గుడి ముందు నిలిపిన గంగమ్మ మట్టి విశ్వరూపానికి చెంప తీసి, ఆ మట్టిని జనానికి పంచే క్షణంలో, ఆ జనం మధ్యనే కూలిపోయి ప్రాణం విడవాలని నేను రెండేళ్ల కిందటే నిశ్చయించుకున్నాను. నిశ్చయించుకోవడం తేలిక. ఈ మే నెలలో పాపను భుజాల మీద ఎక్కించుకొని జాతర చూసి వచ్చి, ఆ వేడిలోనే ఆ ప్రకరణం మొదలుపెట్టాను. ఆగస్టు వచ్చింది, అవ్వ చావలేదు. ఆమె కళ్లు మూసినట్లు నేను రాస్తాను. మరుసటి పేరాలో ఆమె లేచి కూర్చొని మజ్జిగ అడుగుతుంది.

నాకున్న సమయం నాలుగు నుంచి ఆరు వరకు మాత్రమే. అందులోనూ కుళాయి నీళ్లు వచ్చే రోజైతే ఐదింటికే కలం మూసి బిందెలు పట్టాలి. ఆ తరువాత పాప జడలు, పాప క్యారియరు, ఎప్పుడూ ఒక్కటే దొరికే పాప మేజోళ్లు. బస్సులో ఫోనులో రాసుకుందామంటే, చంద్రగిరి కోట కనిపించేసరికి కుదిరిన వాక్యం పూతలపట్టు చేరేసరికి చెడిపోతుంది. అందువలన ఈ అవ్వ చావును గురించి మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా చర్చ జరుగుతూ ఉంటుంది. మా ఆవిడ తన వృత్తిధర్మం ప్రకారం, ఆ వయసులో నిద్రలో గుండె ఆగడమే అన్నిటికంటె నయమనీ, బాధ తెలియదనీ సలహా ఇచ్చింది. పక్కనే పాప పప్పన్నం తింటున్నదన్న సంగతి మా ఇద్దరికీ తోచలేదు.

గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు పాప చదివే బడి నుంచి ఫోను వచ్చింది. వెంటనే రావాలి, ఫోనులో చెప్పే విషయం కాదు అన్నారు. చిత్తూరు నుంచి డెబ్బై కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. ఆ రెండు గంటల్లో నేను ఏమేమి ఊహించుకున్నానో ఇక్కడ రాయను. రచయితకు ఊహాశక్తి వరమని చెప్పినవారెవరూ అటువంటి బస్సు ఎక్కి ఉండరు.

వెళ్లేసరికి ప్రధానోపాధ్యాయురాలి గదిలో ఆమె, తెలుగు ఉపాధ్యాయురాలు, కాళ్లూపుకుంటూ మా పాప, ఆ పక్కన మా అమ్మ ఉన్నారు. పాపను ఇంటికి తీసుకుపోవడానికి రోజూ వచ్చేది అమ్మే కదా. నా ముందు ఒక నోటుపుస్తకం పెట్టారు. ‘మా ఇంట్లో ఒక రోజు’ అనే శీర్షిక కింద పాప రాసినదాన్ని తప్పులు మాత్రం దిద్ది, మాట మార్చకుండా నీకు పంపుతున్నాను:

“మా నాన్న తెల్లారి నాలుగు గంటలకు లేస్తాడు. కాఫీ తాగుతాడు. అవ్వను ఎట్లా చంపాలా అని ఆలోచిస్తాడు. మూడు నెలల నుంచి చంపలేకపోతా ఉండాడు. అమ్మ అడిగితే ఈ ఆదివారం చంపేస్తాను అంటాడు. మా అమ్మ నర్సు కాబట్టి నొప్పి లేకుండా ఎట్లా పోతారో చెప్పింది. గంగమ్మ నాలుగు వేషాలకే పాళెగాణ్ణి చంపేసింది. మా నాన్నకు ఇంకా చేతకాలేదు.”

మొదటి రెండు వాక్యాలలో ఎర్రసిరాతో గుడిదీర్ఘాలు, ఒత్తులు దిద్ది ఉన్నాయి. మూడో వాక్యం దగ్గర ఆ ఎర్రసిరా ఆగిపోయింది.

జాతర కథలో దుర్మార్గుడైన పాళెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేసిన వేషాలను బైరాగి, బండ, తోటి, దొర అని వేళ్లు మడిచి పాపకు ఆ లెక్క నేర్పినవాణ్ణి నేనే అన్న విషయం మాత్రం నేను అక్కడ ఒప్పుకోలేదు.

అసలు ఘోరం నేను రాకముందే జరిగిపోయింది. తెలుగు ఉపాధ్యాయురాలు మా అమ్మను మెల్లగా పక్కకు పిలిచి, మీ అబ్బాయి మిమ్మల్ని బాగా చూసుకుంటాడా అని అడిగిందట. మా అమ్మ సంగతి నీకు తెలుసు. ఆమెను ఎవరైనా ఒక మాట అడిగితే పది మాటలు వస్తాయి. “యాడ చూసుకుంటాడమ్మా, పొద్దస్తమానం ఏందో రాసుకుంటా ఉంటాడు. మొన్నటి నుంచి ఒకటే పోరు, మీ యమ్మ ఎట్లా పోయింది, పోయేటప్పుడు మనిషికి ఎట్లుంటాది అని” అన్నదట. ఆ తరువాతనే నాకు ఫోను చేశారు.

నేను ఫోనులోని రాతప్రతి తీసి చూపించాను. ప్రధానోపాధ్యాయురాలు కళ్లద్దాలు సవరించుకొని మూడు పుటలు చదివి, పెదవులు బిగబట్టుకొని, ఫోనును తెలుగు ఉపాధ్యాయురాలికి అందించింది. ఆమె చదివి, “అయితే ఈ అవ్వ వేరే అవ్వా?” అని అడిగింది. ఆ మాటతో గండం గడిచినట్లే అనుకున్నాను. అప్పుడు మా పాప, ఎవరూ అడగకుండానే, “వేరే అవ్వే మేడం, కానీ మా అవ్వ మాట్లాడినట్టే మాట్లాడుతుంది, చిల్లర కూడా కొంగులోనే కట్టుకుంటుంది” అన్నది.

మా అమ్మ నా వైపు చూసింది. నన్ను పోల్చుకోవడానికి చూస్తున్నట్లు చూసింది. జాతరలో ఆడవేషం కట్టిన రోజు నారింజ రంగు రవికలో నిన్ను చూసి మీ నాన్నగారు నోట మాట లేక నిలబడిపోయారే, ఇంచుమించు ఆ చూపే. కాని నవ్వు వచ్చే చూపు కాదు.

ఆ రాత్రి ఆమె నాతో మాట్లాడలేదు. సంగటి ముద్ద కంచంలో పెట్టింది, ఊరిబిండి పక్కన వేసింది, వెళ్లిపోయింది. శుక్రవారం ఉదయం కూడా అంతే. నేను ఆమెను చంపబోతున్నందుకు ఆమెకు కోపం లేదని, తననుంచి అడగకుండా తీసుకున్నందుకు కోపమని అనిపించింది. ఆమె మాట, ఆమె కొంగు ముడి, తలుపు వేసేముందు వీధి ఆ చివరిదాకా ఒకసారి చూసే ఆమె అలవాటు, అన్నీ తీసుకున్నాను. పక్కింటి నుంచి గుప్పెడు కరివేపాకు తెచ్చుకోవాలన్నా ఒక మాట అడుగుతాము కదా.

శుక్రవారం రాత్రి మా ఆవిడ డ్యూటీకి వెళ్లింది, పాప నిద్రపోయింది. అమ్మ చింతపండు ముందు వేసుకొని గింజలు తీస్తూ, తల ఎత్తకుండా, “చదువు” అన్నది. చదివాను. గంటసేపు ఆమె చేతులు ఆగలేదు. ఒక చోట మాత్రం, కొడుకు ఉత్తరం రాని నెలలో అవ్వ చేసే పనులను వర్ణించిన చోట, “రెండోసారి చదువు” అన్నది. చివరికి అవ్వ జనంలో కూలిపోయే ఘట్టం వచ్చింది. నేను గొంతు కొంచెం వణికించి చదివాను కూడా. ఆమె చింతగింజను గిన్నెలో వేసి ఇట్లా అన్నది:

“ఆ రాత్రి ఆ యమ్మ గుడికాడికి పోతే, తెల్లారి ఇంటికొచ్చే బిడ్డలకు అంబలి ఎవురు కాస్తారు? విశ్వరూపం చూసేదానికి ఆమెకు యాడుంది తీరిక? ఇంట్లోనే ఉంటాది. మనవడు గుడికాడి నుంచి మట్టి తెచ్చి చేతిలో పెడతాడు. కొంగున కట్టుకుంటాది. అందరికీ అంబలి పోసి, కుండ కడిగి బోర్లిస్తాది. అప్పుడు పండుకుంటాది. పండుకున్నది పండుకున్నట్టే పోతాది.”

పొంగలీ, మూడు నెలలుగా అవ్వ ఎందుకు లేచి కూర్చొని మజ్జిగ అడుగుతున్నదో నాకు అప్పుడు అర్థమైంది. నేను ఆమెను ఆమె ఉండని చోట చంపాలని చూస్తున్నాను. నాకు తప్పెట్ల మోత కావాలి, జనం కావాలి, మట్టి చెంప ఊడిపడే క్షణం కావాలి. ఆమెకు పొయ్యి దగ్గర పని ఉన్నది.

కొంతసేపటికి అమ్మ, “మా యమ్మ అట్లనే పాయె” అన్నది. నేను పోరుపెట్టి అడిగిన రోజుల్లో జ్ఞాపకం లేదని చెప్పిన మనిషి. కుండ బోర్లించిన నీళ్ల చారిక ఇంకా ఆరలేదట, ఆమె లేపడానికి వెళ్లేసరికి. ఇది నేను రాయవచ్చునా, నాకు రాయమనే చెప్పిందా, లేక అన్నేళ్లకు ఎవరో ఒకరికి చెప్పుకోవాలనిపించి... అడగలేకపోయాను. ఆమె చింతపండు ఎత్తి జాడీలో పెట్టి పడుకున్నది.

నిన్న శనివారం ఉదయం కాఫీ నా ముందు పెట్టి, “చంపినావా?” అని అడిగింది. లేదన్నాను. “తొందరేం లేదులే” అన్నది. తెలుగు ఉపాధ్యాయురాలు నోటుపుస్తకాన్ని తిరిగి పంపింది. మిగిలిన వాక్యాలను కూడా దిద్ది, పదికి ఏడు మార్కులు వేసింది. పాప ఆ మూడు మార్కులు పోవడానికి నేనే కారణమని అలిగి ఉన్నది.

ఈ రోజు ఆదివారం. ఆ కుండ బోర్లించే వాక్యం రాయడానికే నాలుగింటికి లేచాను. లేచి నీకు ఉత్తరం రాస్తున్నాను, నా భయం నీకు అర్థమవుతుంది. ఇంకా చెప్పవలసినది, ఆ మనవడి పాత్రను గురించి నీ అభిప్రాయం అడగవలసినది చాలా ఉన్నది, కాని కుళాయి చప్పుడు వినిపిస్తున్నది. పాప కూడా లేచి వచ్చి అవ్వ చచ్చిందా అని అడిగింది. లేదు, పొంగలికి ఉత్తరం రాస్తున్నానని చెప్పాను. ఆ పేరు నీకు ఎట్లా వచ్చిందో ఈ ఇంట్లో నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు కనుక, ఆమెకు సగం మాటే అర్థమై, ఈ పూట తనకు పొంగలే కావాలని కూర్చున్నది. పెసరపప్పు ఉన్నదో లేదో చూడాలి. ఉంటాను.

నీ
బైరాగి