గోపాల్‌పూర్ బస్సెక్కించినవాళ్ళకి దండాలు

అందరికీ నమస్కారం. ఇది రాయాలని మూడు నెలలుగా అనుకుంటున్నాను. పేర్లు పెట్టొద్దని ఇద్దరు ముందే చెప్పేశారు. మూడో మనిషి పేరు నాకే తెలీదు, రోజూ "మావుసీ" (ఒడియాలో పిన్నీ అని) పిలవడమే తప్ప ఎప్పుడూ అడగలేదు. అంచేత ఎవరి పేరూ రాయటం లేదు. చదివినా, ఎవరైనా చదివి వినిపించినా, తమ గురించేనని వాళ్ళకి తెలిసిపోతుంది.

మాది బరంపురం. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా, మా తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఒడియా గడగడా మాట్లాడతాను గాని చదవడం కూడబలుక్కోవాలి. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

చిన్నప్పటి నుంచీ నాకు రేచీకటి. సెకండ్ షోకి వెళ్తే తమ్ముడి చొక్కా పట్టుకుని నడిచేవాణ్ణి. కేరెట్లు, మునగాకు, మేక కాలేయం, ఎవరేం చెప్తే అది తిన్నాను. నలభై దాటాక పగలు కూడా తలుపు చెక్కలకి గుద్దుకోవడం మొదలైతే మా ఆవిడ పట్టుబట్టి విశాఖపట్నం తీసుకెళ్ళింది. అక్కడ గిన్నెలాంటి ఒక మెషిన్‌లో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. ఎదురుగా ఉన్న చుక్క మీదే చూపు పెట్టి, చుట్టుపక్కల ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలోని బటన్ నొక్కమన్నారు. కూర్చున్నాను. ఎంతసేపటికీ ఏమీ మెరవదు. కరెంటు పోయిందా అమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి "లేదండీ, నడుస్తోంది" అంది. ఆ మాటతోనే నాకు సగం అర్థమైపోయింది.

రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. కంటి వెనక తెరలో చీకట్లో పనిచేసే కణాలు ముందు పోతాయట. అవి ఎక్కువగా ఉండేది అంచుల వైపు. అందుకే మొదట రాత్రి చూపు, తర్వాత పక్క చూపు, చివరికెప్పుడో మధ్య చూపు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చూపు పరిధి 40 డిగ్రీల లోపు, 10 దాకా ఉంటే అల్పదృష్టి అని రాశారు. నాది 15. అంటే నిలబడి మీ మొహం చూస్తే ముక్కు, కళ్ళు చక్కగా కనిపిస్తాయి, మీరు చాచిన చెయ్యి కనిపించదు. నేను పొగరుబోతునని ఎంతమంది అనుకున్నారో.

భంజవిహార్‌లో, అదే, యూనివర్సిటీ దగ్గర, ఒక జెరాక్స్ షాపులో టైపు పని నాది. అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఇప్పటికీ పని ఆగదు. ఆగింది ప్రయాణమే. స్కూటర్ అమ్మేశాను. కొన్నాళ్ళు బావమరిది దింపాడు, తర్వాత ఆటోలు. జీతంలో నాలుగో వంతు ఆటోకే పోతుంటే, మా వైపు కొత్త సిటీ బస్సులు మొదలయ్యాయి. యూనివర్సిటీ ఊరి నుంచి సుమారు 12 కిలోమీటర్లు. గోపాల్‌పూర్ వెళ్ళే బస్సెక్కితే యూనివర్సిటీ గేటు దగ్గరే దిగొచ్చు. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం భయం వేసింది.

కళ్ళున్నవాళ్ళకి బస్సు నుదుటి మీద వెలిగే ఎల్‌ఈడీ బోర్డు గొప్ప సౌకర్యం. నాకు కాదు. అక్షరాలు పరుగెడతాయి. గొట్టంలోంచి చూసినట్టుండే నా చూపులోకి ఒక అక్షరం వచ్చేసరికి దాని ముందుది వెళ్ళిపోతుంది. పైగా అది ఒడియా. ఆ గుండ్రాలన్నీ మసకలో నాకు ఒకేలా ఉంటాయి, ఇంగ్లీషు వంతు వచ్చేసరికి బస్సే వెళ్ళిపోతుంది. సరే, ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసుకుందాం అనుకున్నాను. కంటికి ఎప్పుడూ వెలిగినట్టే ఉంటుంది గాని ఆ లైట్లు ఆరి వెలుగుతుంటాయి. కెమెరా ఆరిన క్షణాన్ని పట్టుకుంటుంది. ఫోటోలో చూస్తే అక్షరాల మధ్య నల్లటి చారలు. మొదటి వారంలో రెండుసార్లు తప్పు బస్సెక్కాను, నాలుగుసార్లు సరైన బస్సు వదిలేశాను. ఎవరినైనా అడగొచ్చు కదా అంటారు. మూతి మీద మీసం ఉన్నవాణ్ణి, జేబులో ఫోను పెట్టుకున్నవాణ్ణి, ఎదురుగా ఉన్న బోర్డు ఏమిటని అడగడానికి నోరు రాలేదు. అదీ నిజం.

ఆ స్టాపు పక్కన మావుసీ బండి. పొద్దున్నే ఇడ్లీ, బరా (మన గారె), ఉప్మా. నేను అటూ ఇటూ మెడ తిప్పుతూ బస్సు వెనక పరుగెత్తడం వారం రోజులు చూసి, ఎనిమిదో రోజు తనే అడిగింది, "కుఆడె జిబె?" అని. ఎక్కడికి వెళ్ళాలీ అని. చెప్పాను. కళ్ళ సంగతి కూడా, ఎందుకో తెలీదు, నోటికి వచ్చేసింది. అయ్యో పాపం అనలేదు. "అయితే అక్కడ నిలబడకు, బండి పక్కన నిలబడు" అంది. మర్నాటి నుంచి గోపాల్‌పూర్ బస్సు మలుపు తిరగ్గానే "ఆసిగలా!" అని, వచ్చేసిందీ అని కేక. హారన్ల గోలలో ఆ కేక నాకు వినపడడం లేదని నాలుగు రోజుల్లో కనిపెట్టి, జల్లి గరిటెతో మూకుడు అంచు మీద ఠంగ్ ఠంగ్ మని రెండు దెబ్బలు కొట్టడం మొదలెట్టింది. ఇప్పుడు ఆ స్టాపులో కాలేజీ పిల్లలు కూడా ఆ చప్పుడుకే సంచులు తీస్తున్నారు. వాళ్ళ కళ్ళకేం రోగం మరి.

ఇంకో సంగతి కూడా మావుసీ వల్లే బయటపడింది. నేను మొదటిసారి ఒక్కణ్ణే బస్సెక్కిన రోజు, మా ఆవిడ గుమ్మంలో నిలబడి "జాగ్రత్తండీ" అని లోపలికి వెళ్ళిపోయింది. ఏమాత్రం బెంగ లేనట్టుంది, మంచిదే అనుకున్నాను. రెండు నెలల తర్వాత మావుసీ నవ్వుతూ అడిగింది, "మీ ఆవిడ ఈమధ్య రావటం మానేసిందేం?" అని. చూడగా తేలిందేమిటంటే, మొదటి పది రోజులు ఆవిడ నా వెనకే నడిచి, అదే బస్సులో వెనక సీట్లో కూర్చుని, నేను గేటు దాటాక తిరుగు బస్సెక్కేది. తప్పు బస్సెక్కిన రోజుల్లో కూడా! "మరి చెప్పలేదేం?" అని అడిగితే, "ఏటండీ, చెప్తే మీరు నేర్చుకుంటారా?" అంది. పదిహేను డిగ్రీలవాణ్ణి మోసం చెయ్యడం ఎంత తేలికో చూడండి. ఆవిడకి దండాలు ఇక్కడ పెడితే ఇంట్లో వెక్కిరిస్తుంది. అయినా పెడుతున్నాను.

కర్ర గురించి చెప్పాలి. ఒక సాయంత్రం సందులో ఎవరో పెట్టిన మోటర్ సైకిల్ సైలెన్సర్‌కి పిక్క ఆనింది. అప్పుడే ఆపిన బండి. నాలుగు వేళ్ళ వెడల్పున తోలు ఊడింది, ఇప్పటికీ మచ్చ ఉంది. ఆ కట్టుతో షాపుకి వెళ్తే, నోట్సులు ప్రింటు తీయించుకోవడానికి వచ్చే ఒక ఎం.ఏ. కుర్రాడు గొంతులో తేడా పట్టేశాడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. "మీకు కర్ర లేదా అంకుల్?" అన్నాడు. నాకు కనిపిస్తుంది బాబూ అన్నాను. "కనిపిస్తే కాలెందుకు కాలింది?" అన్నాడు.

ఏం చెప్పను. ఆ ఆదివారం నుంచి యూనివర్సిటీ రోడ్ల మీద, ఏమీ కనిపించని ఇరవై రెండేళ్ళ కుర్రాడు కొంచెం కనిపించే నాకు నడక నేర్పాడు. కర్ర నేల నుంచి గుండె ఎముక దాకా ఉండాలి. భుజాల వెడల్పు కన్నా కొంచెమే ఎక్కువ ఊపాలి. ఎడమ కాలు ముందుకు పడేటప్పుడు కర్ర మొన కుడివైపు తాకాలి, కుడి కాలు పడేటప్పుడు ఎడమవైపు. అంటే తర్వాతి అడుగు పడబోయే చోటుని కర్ర ముందే తట్టి వస్తుందన్నమాట. చెప్పినంత సులువు కాదు. మొదట్లో నా కాలూ కర్రా ఒకే పక్కకి పోయేవి, పెళ్ళి ఊరేగింపులో బేండువాడిలా. అతను చప్పుడు విని "మళ్ళీ తప్పారు" అనేవాడు. ఎవరైనా సాయం వస్తే ఏం చెప్పాలో కూడా అతనే నేర్పాడు: "నా చెయ్యి పట్టుకుని లాగొద్దు, మీ మోచెయ్యి ఇవ్వండి, నేను పట్టుకుంటాను." అలా పట్టుకుని అర అడుగు వెనక నడిస్తే, వాళ్ళు మెట్టెక్కినా దిగినా వాళ్ళ చెయ్యే మనకి చెప్పేస్తుంది.

ఆ మాట నేను మొట్టమొదట వాడింది కండక్టరమ్మ దగ్గర. మనసున్న పిల్ల. కర్ర చూడగానే నా రెక్క పట్టుకుని బస్తా ఎక్కించినట్టు ఎక్కించేసింది. నేను మెల్లగా చెప్పాను. కొంతమంది అలా చెప్తే చిన్నబుచ్చుకుంటారు. ఈ అమ్మాయి మర్నాడు కిందకి దిగి, మోచెయ్యి ముందుకు పెట్టి, "ఇలాగేనా?" అంది. ఆ తర్వాత చెయ్యి కూడా అక్కర్లేకపోయింది, నోటిమాటే చాలు. "రాడ్ మీ కుడివైపు. రెండో సీటు ఖాళీ. కిటికీ పక్క ఒక ఆవిడ ఉన్నారు." స్టాపు పేరు స్పీకర్లో వస్తుంది గాని ఆ రద్దీలో ఎవరికి వినపడుతుంది? ఈమె టిక్కెట్లు కొడుతూనే నా దగ్గరకొచ్చి "వచ్చేది మీదే" అని వెళ్తుంది. తను సెలవు పెట్టిన రోజు డ్రైవర్ బాబు గేటు దగ్గర ఆపి, తల వెనక్కి తిప్పి, "చశ్మా భాయినా, యూనివర్సిటీ!" అని, కళ్ళజోడు అన్నా అని కేకేశాడు. చెప్పి వెళ్ళిందన్నమాట. (ఆ పేరు మాత్రం స్థిరపడిపోయింది.)

కర్ర పట్టుకున్నాక కొత్త చిక్కొకటి వచ్చింది. కర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని ఫోన్లో పేపరు చదువుకుంటున్నాను ఒకరోజు. పక్కన నిలబడ్డ పెద్దమనిషి, "చూడు, గుడ్డి కర్ర పట్టుకుని పేపరు చదువుతున్నాడు, సీటు కోసం ఎన్ని వేషాలో" అన్నాడు, నాకు వినిపించేలాగే. చెవులు వేడెక్కాయి. లేచి నిలబడిపోదామనుకున్నాను. కండక్టరమ్మ మిషన్ నుంచి టిక్కెట్ చింపింది. ఆయనకి ఇవ్వకుండా పొడుగ్గా చుట్టింది, బీడీలాగా కాదు, కొంచెం లావుగా. "ఇదిగో, దీన్ని ఒక కంటికి పెట్టుకుని రెండో కన్ను మూసుకోండి. ఆ బాబు ఫోన్లో అక్షరాలు కనిపిస్తున్నాయా?" ఆయన పెట్టుకున్నాడు, బస్సంతా చూస్తోంది మరి. కనిపిస్తున్నాయన్నాడు. "ఇప్పుడు అలాగే నడిచి ముందు తలుపు దాకా వెళ్ళండి." ఒక్క అడుగు వేసి, ఎవరిదో టిఫిన్ డబ్బా సంచి తన్ని, ఆగిపోయాడు. టిక్కెట్ విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. ఒప్పుకున్నాడో, ఉక్రోషపడ్డాడో నాకు తెలీదు. డాక్టర్లు మూడేళ్ళుగా చెప్తున్నది మా చుట్టాలకి నేను అర్థమయ్యేలా చెప్పలేకపోయాను, ఈ పిల్ల ఒక టిక్కెట్ ముక్కతో చెప్పేసింది. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా నేనూ కాగితం చుట్టి ఇస్తున్నాను.

మా షాపు ఓనరు గారికి కూడా దండాలు. చలికాలంలో అయిదున్నరకల్లా చీకటి పడిపోతుందని నాలుగున్నరకే పంపేస్తున్నారు, జీతం కొయ్యకుండా. గేటు దగ్గర రోడ్డు దాటించే సెక్యూరిటీ భాయినాకి, వాన రోజు నా కర్ర జారి బస్సు కిందికి దొర్లితే వంగి తీసిచ్చిన స్కూలు పాపకి కూడా. ఆ పాప యూనిఫాం రంగు కూడా సరిగ్గా చూడలేదు, గొంతు మాత్రం గుర్తుంది.

ఇలాంటి కళ్ళతో ఇంట్లో కూర్చున్నవాళ్ళు మన ఊళ్ళో ఎవరైనా ఉంటే, ఏదో ఆదివారం భంజవిహార్ రండి. మా గురువుగారు ఒప్పుకున్నారు, కాకపోతే తప్పు నడిస్తే తిడతారు.

మావుసీకి తెలుగు రాదు. ఈ పోస్టుని ఒడియాలో చెప్పే పని మా ఆవిడ తీసుకుంది. పొద్దున్న బేరం వేళలో వినదట, పదకొండు దాటాక, మూకుడు దించాక రమ్మంది.