ఈసారి రాయి ఏరే ఇచ్చాం, బావా

ఒరేయ్ బావా,

నీ మూడు ఉత్తరాలకీ కలిపి ఇదొక్కటే జవాబు. తిట్టుకో, కానీ చదివాక తిట్టుకో. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నువ్వు మధ్యలో దూరి నన్ను చెప్పనివ్వవు, అందుకే కాగితం పట్టుకున్నా.

ముందు మామూలువి. పెద్దోడు ఇంటర్ గట్టెక్కాడు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. గాలివానకి మన వేపచెట్టు పడిపోయింది, ఆ ఏడుపు ఇంకోసారి. మాచర్ల బస్సులో నీ గొడుగు ఇంకా దొరకలేదు. అయిపోయాయి.

చెల్లికి కిడ్నీ ఇచ్చాన్రా. నెల దాటింది. ఇద్దరం బాగున్నాం. ముందే చెబితే టికెట్ కొనుక్కుని దిగిపోయి థియేటర్ బయట డాక్టర్లకి సలహాలిస్తావని చెప్పలేదు.

దాని సంగతి నీకు సగం తెలుసు. ఏడాదికి పైగా వారానికి మూడు డయాలసిస్‌లు. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి కుడతారే, ఆ ఫిస్టులా ఉబ్బిన చేతిని కొంగు కింద దాచుకునేది. అమ్మ ఇస్తానంటే షుగర్ ఉందని వద్దన్నారు. వాళ్ళాయన గ్రూపు కలవలేదు. నాది కలిసింది, దాని ఒళ్ళు నా కిడ్నీ మీద తిరగబడుతుందేమో చూసే క్రాస్ మ్యాచ్ పరీక్ష కూడా బాగానే వచ్చింది. ఇక అంతా అయిపోయిందనుకుంటుంటే రక్తనాళాల కోసం తీసిన సీటీ స్కాన్‌లో బయటపడింది. నా ఎడమ కిడ్నీలో, కింది మూలలో, 5 మిల్లీమీటర్ల రాయి! ఒక్కరోజు నొప్పి ఎరగను. నలభై ఏడేళ్ళు దాన్ని మోస్తూ తిరిగానో, నిన్నగాక మొన్న చేరిందో ఎవరికి తెలుసు.

ఆ రోజు రూముకొచ్చి అన్నం తినలేదు. నన్ను పక్కన పెట్టేస్తారనే అనుకున్నా. డాక్టర్ కూడా అన్నాడు, ఒకప్పుడు రాయి కనిపిస్తే దాతని తిప్పి పంపేసేవాళ్ళట. ఇప్పుడు చూసి నిర్ణయిస్తారు. రాయి ఒక్కటే, చిన్నది, ఒకవైపే ఉండాలి. మళ్ళీ మళ్ళీ రాళ్ళు తయారయ్యే ఒళ్ళు కాకూడదు. కుర్ర దాత అయితే మరీ జాగ్రత్తట, వాడి ముందు ఇంకా ఎన్నో ఏళ్ళుంటాయి కదా, అన్నాళ్ళలో మళ్ళీ రాయి పడొచ్చు. మొదటిసారి నా వయసు నాకు పనికొచ్చింది.

అది తేల్చడానికి ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టమన్నారు. నవ్వకు. పొద్దున లేవగానే మొదటిది పారబోయాలి, అక్కణ్ణుంచి మర్నాడు పొద్దుటిదాకా ప్రతి చుక్కా క్యాన్లో పోయాలి. చల్లగా ఉంచమన్నారు. ఫ్రిజ్‌లో పెడతానంటే మీ చెల్లెమ్మ అట్లకాడ ఎత్తింది. బకెట్‌లో ఐసు వేసి బాత్రూంలో కాపలా కాశాను. అదీ రెండుసార్లు! ఆ క్యాను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్తుంటే డ్రైవరు "నెయ్యా సార్?" అన్నాడు. రాళ్ళ సంగతి చెప్పే కాల్షియం, ఆక్సలేటు, యూరిక్ యాసిడ్, సిట్రేటు అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. సరే, ఇవ్వొచ్చన్నారు.

ఇక్కడే నాకు తిక్క రేగింది. ఏ కిడ్నీ తీస్తారంటే ఎడమదే అన్నారు. రాయి ఉన్నదే! "అదేంటండీ, మంచిది నేనుంచుకుని రాళ్ళది దానికిస్తానా? కుడిది తీసుకోండి" అని గట్టిగానే అన్నా. ఆయన విసుక్కోలేదు. "మీరు జబ్బు చేసి రాలేదు, మిమ్మల్ని జబ్బు మనిషిగా పంపకూడదు. రెండింట్లో మంచిది దాతకే మిగలాలి. పైగా ఎడమదానికి సిర పొడుగు, కుట్టడం సులువు" అన్నాడు. నేను ఒప్పుకోలేదనుకో, ఒప్పుకున్నట్టు తలూపాను.

చెల్లికి భయంభయంగా చెప్పాను. అది ఏమందో తెలుసా? "నువ్వెప్పుడు రాయి లేకుండా ఇచ్చావు అన్నయ్యా!" మా ఇంట్లో బియ్యం చేట నా వంతని, నేను క్రికెట్ ధ్యాసలో ఏరకుండానే ఎసట్లో పోయించానని, ఆ అన్నంలో నీ పన్ను... సరే, ఆపేస్తా. డయాలసిస్ మంచం మీద కడుపు పట్టుకుని నవ్వింది. దాన్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో.

ఆ రాయి అలాగే ఉంచి పెడితే ఏం అని డాక్టర్‌ని అడిగాను. అప్పుడాయన చెప్పింది విని ఒళ్ళు జలదరించింది. మార్చి పెట్టిన కిడ్నీకి నరాల సంబంధం తెగిపోయి ఉంటుందట. రాయి జారి మూత్రనాళానికి అడ్డం పడినా, మన హాస్టల్ వార్డెన్ గిలగిలలాడాడే, ఆ నొప్పి దానికి రాదు. మూత్రం తగ్గుతుంది, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరుగుతుంది, అంతే. పనిచేసేది అదొక్కటే కదా దానికి. అందుకే ముందే ఏరేయాలి.

నా ఒంట్లో ఉండగానే లేజర్‌తో తీయొచ్చు. కానీ అది ఇంకో మత్తు, ఇంకొన్ని వారాల ఆలస్యం. వీళ్ళు చేసింది వేరు. నా కిడ్నీని బయటికి తీసి, చల్లటి ద్రావణంతో రక్తమంతా కడిగి, ఐసు ముక్కల మధ్య పెట్టారు. అచ్చం చేపల బజారే. తెగిన మూత్రనాళం చివర తెరుచుకునే ఉంటుంది కదా, అందులోంచి వంగే సన్నటి కెమెరా గొట్టం పంపి, మూలమూలా వెతికి, రాయిని చిన్న తీగబుట్టలో పట్టి లాగేశారు. పెద్దదైతే లోపలే లేజర్‌తో పగలగొట్టేవాళ్ళట. నేనొక బల్ల మీద, అదొక బల్ల మీద, మధ్యలో గిన్నెలో నా కిడ్నీ. అప్పుడది నాదీ కాదు, దానిదీ కాదు. ఆ కాసేపు ఆలోచిస్తే నాకు ఇప్పటికీ... ఏమో, రాయలేను.

తర్వాత వీడియో చూపించారు. లోపలంతా లేత గులాబీ గుహలు. చివరి గుహలో పసుప్పచ్చటి కందిబద్దలా కూర్చుని ఉంది దొంగ. నాకిమ్మన్నాను, ఉంగరం చేయిస్తానని. పరీక్షకి పంపేశారు. కాల్షియం ఆక్సలేటు అని తేలింది.

చెల్లికి పాతవి తీయలేదు తెలుసా, అవి అక్కడే ఉంటాయి. నాది కుడివైపు పొత్తికడుపులో పెట్టి కుట్టారు. రక్తం వదలగానే గులాబీ రంగు తిరిగి, బల్ల మీదే మూత్రం వచ్చిందట. బయట వాళ్ళాయన ఆ మాట విని గోడ పట్టుకుని ఏడ్చాడు.

1954లో బోస్టన్‌లో తొలిసారి కిడ్నీ మార్పిడి గట్టెక్కింది కూడా తోడబుట్టినవాళ్ళ మధ్యేనట, కవలలు. మేమిద్దరం కవలలమని నువ్వు లెక్కల మాస్టారికి చెప్పి తన్నులు తిన్నావే, అది గుర్తొచ్చి కుట్లు లాగేలా నవ్వాను.

నేను కిడ్నీ ఇవ్వడానికి ఒప్పుకుంటూ మీ చెల్లెమ్మ సంతకం పెట్టిన రోజు రాత్రంతా మాట్లాడలేదు. దాని గురించి నీకు విడిగా రాయాలి. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు, దాన్ని ఎవరూ...

నాకిప్పుడు నీళ్ళ శిక్ష. మూత్రం రోజుకి రెండున్నర లీటర్లు రావాలట, అందుకు తగ్గట్టు తాగుతూనే ఉండాలి. చెల్లి కిటికీలోంచి సీసా చూపించి బెదిరిస్తోంది. ఇవాళ దానికి మూత్రనాళంలో పెట్టిన సన్నటి గొట్టం, స్టెంట్ అంటారు, తీస్తారు, ఆటో వచ్చేసింది. అన్నట్టు నీ పన్ను కథ డాక్టర్‌కి కూడా చెప్పేసింది, ఆయన నిన్ను చూడాలన్నా... హారన్ కొడుతున్నాడు, ఉంటా

నీ
చేటగాడు