మోడెం పలికించిన అన్నకు కృతజ్ఞతలు

2001లో దేవరకొండలోని మా ఇంట్లో విండోస్ 98 కంప్యూటరు, ఫోను తీగ ద్వారా ఇంటర్నెట్‌కు కలిపే పరికరమైన మోడెంతో నంబరు కలపకముందే ‘డయల్ టోన్ లేదు’ అంటూ 680 అనే లోపాన్ని చూపి ఆగిపోయేది. అదే తీగకు ఫోను తగిలిస్తే మాత్రం టోను చక్కగా వినిపించేది. విండోసును రెండుసార్లు మళ్లీ ఎక్కించి విసిగిపోయిన నన్ను చూసి, పక్కింటికి చుట్టపుచూపుగా వచ్చిన మీరు స్క్రూడ్రైవరు అడిగారు.

లోపలి గదిలోని రెండో ఫోను తీగను విప్పి మోడెంను నేరుగా గోడ సాకెట్టుకు కలిపినా ఫలితం లేకపోవడంతో, మోడెం అదనపు సెట్టింగుల్లో ‘ఎక్స్3’ అనే ఆదేశం రాశారు. ఈ మోడెం మన ఎక్స్చేంజి టోనును గుర్తుపట్టక ఎదురుచూస్తోందని, ఇకపై టోను కోసం ఆగకుండా డయల్ చేస్తుందని, లైను బిజీగా ఉంటే మాత్రం గుర్తిస్తుందని ఓపికగా వివరించారు. మరుక్షణమే మోడెం ఇంటర్నెట్‌కు కలిసేటప్పుడు వచ్చే ఆ కీచుమోత వినిపించింది. సెకనుకు 56 కిలోబిట్ల మోడెం వేగం ఆ పాత తీగల మీద 40 దాటలేదు గాని, నా ఇంటర్ పరీక్షా ఫలితాలు అందులోనే చూసుకున్నాను.

డబ్బులిస్తే వద్దని, అమ్మ పెట్టిన సర్వపిండి మాత్రం తిని వెళ్లారు. పేరైనా అడగలేకపోయాను. అన్నా, మీకు మనఃపూర్వక కృతజ్ఞతలు.